వంద రూపాయల పెట్రోలు

కోనసీమలోని ముమ్మిడివరం దగ్గరి మా ఊరి నుంచి కాకినాడలోని కళాశాలకు నేను రోజూ మోటారు సైకిలు మీద వెళ్లి వస్తాను. రాకపోకలకు కలిపి దాదాపు 90 కిలోమీటర్లు అవుతుంది. ఎదుర్లంక వద్ద గౌతమీ గోదావరి మీది బాలయోగి వారధి దాటగానే యానాం వస్తుంది. అది పుదుచ్చేరి ప్రభుత్వ పాలనలోని ప్రాంతం కావడం, అక్కడి పన్ను తక్కువగా ఉండడం వల్ల, వంతెనకు ఇవతల 120 రూపాయలు దాటిన పెట్రోలు అవతల అంతకన్నా పది రూపాయలకు పైగా తక్కువకు దొరికిన రోజులు ఉన్నాయి. అందుకే మా ప్రాంతం వాళ్లలో చాలామంది ఆ వైపు ఏ పని ఉన్నా ట్యాంకు నింపుకొనే ఇంటికి చేరతారు.

2022 మార్చిలో అక్కడి ఒక బంకులో నా ముందు నిలబడిన మనిషి మాట ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను. ఆయన తెల్లవారుజామునే యానాంలో చేపలు కొని, ఎక్స్ఎల్ మోపెడ్ బండి వెనుక థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి సర్దుకొని, కోనసీమ ఊళ్లలో వీధివీధీ తిరిగి అమ్ముకుంటారు. లీటర్ల లెక్క ఆయన ఎన్నడూ చెప్పరు, ప్రతిరోజూ "వంద కొట్టు బాబూ" అంటారు. ఆ రోజు మీటరు వంద దగ్గర ఆగగానే నా వైపు తిరిగి, "ఇదివరకు ఈ వందతో మూడూళ్లు తిరిగొచ్చేవోణ్ణండి మాస్టారూ, ఇప్పుడు రెండూళ్లకే సరిపోతందండి" అన్నారు. చేప ధర పెంచవచ్చు కదా అని అడిగాను. "కిలోకి పది పెంచితే రేపు తలుపే తియ్యరండి. మజ్జానం దాటితే సగానికి అడుగుతారు" అని చెప్పి బండి తీశారు.

ఆయన లెక్క నాకు ఆ పూటంతా మనసులో మెదులుతూనే ఉంది. వంతెనకు ఇవతలి ధరల లెక్కన చూస్తే, లీటరు 80 రూపాయలు ఉన్నప్పుడు వందకు లీటరుంపావు వచ్చేది, 120 అయితే లీటరు కన్నా తక్కువ వస్తుంది. ఆయనకు ధరల పెరుగుదల అంటే తాను వెళ్లలేకపోయిన ఆ మూడో ఊరు. నా సంగతి అంత కష్టం కాదు గానీ, నెలకు 45 లీటర్లు వాడే నాకు అదే తేడా 1,800 రూపాయలు అవుతుంది. ప్రైవేటు కళాశాలలో పాఠం చెప్పే వాడికి ఆ మొత్తం ఇంటి ఖర్చులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ 2022 మార్చిలో ధర పెరిగిన తీరు కూడా గుర్తుంచుకోవలసిందే. 2021 నవంబరు 4 నుంచి నాలుగు నెలలకు పైగా కదలని ధర, అయిదు రాష్ట్రాల ఎన్నికల ఫలితాలు మార్చి 10న వెలువడ్డాక, 22వ తేదీ నుంచి దాదాపు ప్రతి ఉదయమూ 80 పైసల చొప్పున పెరుగుతూ పోయి ఏప్రిల్ 6 నాటికి లీటరుకు పది రూపాయలు పెరిగింది. ఉక్రెయిన్ యుద్ధం వల్ల ముడిచమురు ధర పెరిగిన మాట నిజమే, మన దేశం తనకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్న మాటా నిజమే. కానీ 2020లో కరోనా వల్ల ముడిచమురు ధర కుప్పకూలినప్పుడు ఆ లాభం మా దాకా రాలేదు. ఆ ఏడాది మార్చిలో మూడు రూపాయలు, మే నెలలో మరో పది రూపాయలు కేంద్రం ఎక్సైజ్ సుంకం పెంచింది. 2014లో లీటరు పెట్రోలు మీద 9 రూపాయల 48 పైసలుగా ఉన్న ఆ సుంకం, మధ్య ఏళ్లలో జరిగిన పెంపులు కూడా కలుపుకొని, అలా 32 రూపాయల 98 పైసలకు చేరింది. ఆ తరువాత 2021 నవంబరులో అయిదు, 2022 మే నెలలో ఎనిమిది రూపాయలు తగ్గించినా, మొత్తం పెంపులో అది కొంత భాగమే.

మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వంతు కూడా తక్కువేమీ కాదు. 31 శాతం వ్యాట్ అనే అమ్మకం పన్ను, దాని మీద లీటరుకు నాలుగు రూపాయలు, రహదారుల సెస్సు మరో రూపాయి వసూలు చేశారు. వ్యాట్ శాతం లెక్కన ఉండడం వల్ల ముడిచమురు ధర పెరిగినప్పుడల్లా పన్ను కూడా దానంతట అదే పెరుగుతుంది, అంటే ప్రజలకు భారం ఎక్కువైన రోజునే ఖజానాకు రాబడి ఎక్కువవుతుంది. రహదారులకూ సంక్షేమానికీ డబ్బు కావాలని నేను ఒప్పుకుంటాను. అయినా ఆ పన్నును లీటరుకు ఇంత అని స్థిరంగా నిర్ణయించాలనీ, ముడిచమురు తగ్గినప్పుడు ఆ తగ్గుదల బంకు దాకా చేరాలనీ నా గట్టి అభిప్రాయం. విహారానికి కారు తీసే వాడూ, కూటి కోసం ఎక్స్ఎల్ తీసే వాడూ లీటరుకు ఒకే పన్ను కడుతున్నారు. ఇద్దరిలో ప్రయాణం మానుకోగలిగినది మొదటివాడే.

డీజిలు సంగతి వేరే రాయాలి. దమ్ము ట్రాక్టరుకూ, వరికోత యంత్రానికీ గంటకు ఇచ్చే బాడుగ పెరిగి కౌలు రైతుకు తగిలిన దెబ్బ ఒక పేరాలో ఇమిడేది కాదు.

ఆ చేపల ఆయన ఇప్పటికీ కొన్ని ఉదయాలు వారధి మీద నాకు ఎదురవుతారు. ఎదుర్లంక వైపు వాలు మొదలయ్యే చోట ఇంజను ఆపేసి, బరువు పెట్టెతో బండిని చప్పుడు లేకుండా కిందికి జారనిస్తారు. వాలు అయిపోయి బండి ఇక నడవదు అనుకున్నప్పుడే మళ్లీ స్టార్టు చేస్తారు.