పేరుకి ఆకు, లోపల ప్లాస్టిక్

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది కిరాణా కొట్టు. పప్పులూ బెల్లంతో పాటు పెళ్ళిళ్ళకీ తద్దినాలకీ విస్తర్లు, గ్లాసులు కూడా అమ్ముతాం. కాబట్టి ప్లాస్టిక్ మీద కొత్త రూలు వచ్చినప్పుడల్లా నా అరల్లో సరుకు మారుతుంది.

2018 అక్టోబరు 2న ఒడిశాలో బరంపురంతో కలిపి ఆరు ఊళ్ళలో నిషేధం మొదలైంది. 2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు బందు. మిఠాయి డబ్బా మీద చుట్టే పల్చటి పొర కూడా అందులోదే. క్యారీబ్యాగు మందం 75 మైక్రాన్లకి తగ్గకూడదన్నారు, తరవాత దాన్ని 120కి పెంచారు. ఇదంతా బాగానే ఉంది. కానీ పోయిన ప్రతి సరుకూ వేషం మార్చుకుని నా కొట్టుకే మళ్ళీ వచ్చింది.

కాగితం కప్పు సంగతే చూడండి. వట్టి కాగితమైతే వేడి టీ పోయగానే మెత్తబడిపోవాలి కదా? లోపల పల్చటి పాలిథీన్ పూత ఉంటుంది. కప్పుని నీళ్ళలో బాగా నానబెట్టి గోటితో గీకితే ఆ పొర ఊడొస్తుంది. కప్పులో వంద మిల్లీలీటర్ల వేడి నీళ్ళు పోసి పావుగంట ఉంచితే పాతికవేల దాకా సూక్ష్మమైన ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు లెక్క తేల్చారు. ఇంటికి పదిమంది వస్తే స్టీలు గ్లాసులు కడుక్కోవడం అంత కష్టమా అని నాకు అనిపిస్తుంది. మా ఆవిడ మాత్రం "కడిగేది నువ్వు కాదు గదా" అంటుంది.

సంచుల దగ్గర ఇంకా తమాషా. బట్టల కొట్లలో ఇచ్చే రంగురంగుల "గుడ్డ సంచి" ఉందే, అది నేసింది కాదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగుల్ని వేడితో అతికించింది. చిన్న ముక్క కత్తిరించి నిప్పు చూపించండి. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, ఇది కరిగి ముద్దవుతుంది. కొన్నాళ్ళు ఎండలో పడుంటే పొట్టు రాలినట్టు రాలిపోతుంది, ఏరడం ఎవరి తరమూ కాదు. అదే మా అమ్మ వైరు బుట్ట చూడండి. అదీ ప్లాస్టిక్కే, కానీ నా పెళ్ళికి ముందు నుంచీ సంతకి వెళ్తూనే ఉంది. నాకు దాని మీద కోపం లేదు.

కొట్టులో పప్పుల్ని ఖాకీ కాగితం పొట్లాల్లో కడుతున్నాను. పాత పేపర్లు మానేశాను, వాటి సిరా తిండికి అంటుతుందని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెబుతూనే ఉంది. నూనెకి సీసా తెచ్చుకోమంటాను. "ఏటి బావూ, సరుకు కొన్నాక కవరు కూడా ఇవ్వవా?" అని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. చిప్స్ ప్యాకెట్ల దండలు మాత్రం గుమ్మానికి వేలాడుతూనే ఉన్నాయి. ప్లాస్టిక్కూ అల్యూమినియమూ అతుక్కుపోయిన ఆ పొరల్ని విడదీయలేక పాత సామాన్లవాడు కూడా ముట్టుకోడు. తీసేస్తే బడిపిల్లలు పక్క కొట్టుకి పోతారు. అంతే సంగతి.

నాకు అసలు మండేది విస్తరి దగ్గర. గుమ్మ, సెరంగో వైపు కొండల్లో అడ్డతీగ ఉంటుంది, ఒడియావాళ్ళు సియాళి అంటారు. ఆకు అరచేతి కంటే పెద్దది, కొసన రెండుగా చీలినట్టుంటుంది. సవర గిరిజనుల ఆడవాళ్ళు ఆకులు కోసి, సన్నటి పుల్లలతో కుట్టి, ఎండబెట్టి, కట్టలు కట్టి తెస్తారు. వేడి అన్నం పడగానే ఒక వాసన వస్తుంది, అది మాత్రం మిషను విస్తరికి రాదు. మిషను విస్తరి చూడ్డానికి నీటుగా, అంచు పైకి లేచి కంచంలా ఉంటుంది. పైన అడ్డాకే, చాలావాటిలో దాని కింద పల్చటి ప్లాస్టిక్ పొర, ఆ కింద ఇంకో ఆకో అట్టో పెట్టి వేడి అచ్చుతో నొక్కుతారు. పులుసు కారదని అందరూ అదే అడుగుతారు. భోజనాలయ్యాక పెంటకుప్ప మీద ఆవులు ఆకుతో పాటు ఆ పొరనీ నమిలేస్తాయి, కడుపులో అది అరగదు.

కొనేముందు అంచు దగ్గర చింపి చూడండి. ఆకు చిరిగాక కూడా ఏదో సాగుతుంటే అది ప్లాస్టిక్. కుట్టిన విస్తరిలో పులుసు కారుతుందని భయమైతే రెండు విస్తర్లు ఒకదానిమీద ఒకటి వేయండి, లేదా పులుసుకి వేరే దొప్ప పెట్టండి, మా నాన్న కాలంలో పెళ్ళిళ్ళన్నీ అలాగే జరిగాయి.

పెద్ద భోజనాలకి కుట్టిన విస్తర్లు కావాలంటే వారం ముందు చెప్పండి, కొండ మీదకి కబురు పంపాలి. శ్రావణమాసం పెళ్ళిళ్ళకైతే ఇంకా ముందే చెప్పాలి, వానల్లో ఆకు ఆరదు.