తొమ్మిదంగుళాల గోడలకి హీట్ పంప్

ఇంటి బెల్ కొట్టకముందే రోడ్డు మీద నిలబడి ఇటుకలు చూడటం నాకు అలవాటైపోయింది. ప్రతి వరసలోనూ పొడుగు ఇటుకలే కనిపిస్తే అది మధ్యలో సందు వదిలి రెండు పొరలుగా కట్టిన గోడ. ఒక పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు, ఒక పొట్టి అని వస్తుంటే సందు లేని గోడ. పొట్టిగా కనిపించేది అడ్డంగా పెట్టిన ఇటుక తల. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో వందేళ్ళు దాటిన ఎర్ర ఇటుక టెర్రస్ ఇళ్ళు, అంటే గోడకి గోడ ఆనించి వరసగా కట్టినవి, చాలావరకు ఇలాంటివే. తొమ్మిదంగుళాల మందం, లోపల ప్లాస్టరు, అంతే. ఇంటివాళ్ళు టీ పెట్టేలోపు ఆ ఇంటికి ఎంత వేడి కావాలన్న లెక్క సగం బుర్రలో తయారవుతుంది.

హీట్ పంపులు పెట్టే ఒక చిన్న కంపెనీలో సర్వే, డిజైన్ నా పని. ఇక్కడికి రాకముందు గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా ప్లాంట్లు చూసేవాణ్ణి. పెద్ద తేడా ఏమీ లేదు. అక్కడ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పేర్చిన గదుల్లోంచి వేడి లాగి బయట పారేసేవాళ్ళం, ఇక్కడ పెరట్లో రెండు డిగ్రీల చలిగాలిలోంచి వేడి లాగి ఇంట్లోకి పంపుతున్నాం. కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, ఎవాపరేటర్, అక్కడా ఇక్కడా ఆ నాలుగే. కాయిల్ మీద మంచు పేరుకుంటే వేడి గ్యాస్ తిప్పి కరిగించడం కూడా అదే. చలికాలం పొద్దున్నే ఆ డీఫ్రాస్ట్ అప్పుడు ఆవిరి గుప్పున లేస్తుంది. అది చూసి పక్కింటావిడ "మీ మెషిన్ తగలబడుతోంది" అని తలుపు బాదిన ఇళ్ళున్నాయి.

మనవాళ్ళ దగ్గర్నుంచి వచ్చే ఫోన్లు మాత్రం ఒకేలా మొదలవుతాయి. "అన్నా, గవర్నమెంట్ ఫ్రీగా పెడుతోందంట కదా, మా ఇంటికి వస్తుందా?"

ఫ్రీగా కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పాత బాయిలర్ తీసి హీట్ పంప్ పెట్టుకునేవాళ్ళకి గ్రాంట్ ఇచ్చే బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ 2022లో మొదలైంది. గాలి నుంచి వేడి తీసే పంపుకి అప్పట్లో 5,000 పౌండ్లు ఇచ్చేవాళ్ళు, 2023 అక్టోబర్‌లో 7,500 చేశారు. మీ ఆదాయం ఎంతన్నది అడగరు. దరఖాస్తు మీరు పెట్టక్కర్లేదు. ఈ పనికి అర్హత చూపే ఎంసీఎస్ సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్టాలరే ఆఫ్‌జెమ్‌కి, అంటే ఇక్కడి కరెంటు, గ్యాస్ నియంత్రణ సంస్థకి పెట్టి, ఆ మొత్తం మీ బిల్లులో తగ్గిస్తాడు. నీళ్ళు కాచి రేడియేటర్లకి పంపే గ్యాస్ బాయిలర్ పూర్తిగా తీసేయాలి. చలి బాగా ఉన్నప్పుడు గ్యాస్, మిగతా రోజులు పంపు అంటే కుదరదు. మొదట్లో అటక ఇన్సులేషన్, గోడ సందు నింపడం బాకీ ఉన్న ఇళ్ళకి అవి అయ్యేదాకా గ్రాంట్ ఆపేవాళ్ళు. 2024 మేలో ఆ షరతు తీసేశారు. ఈ పని మీద వ్యాట్ 2027 మార్చి ఆఖరు దాకా సున్నా. ఇంత చేసినా పాత ఇంట్లో రేడియేటర్లు, వేడినీళ్ళ ట్యాంకు, పైపులు కలుపుకుంటే ఇంకా కొన్ని వేల పౌండ్లు జేబులోంచి పడతాయి. అది ముందే చెప్పేస్తాను. సగంమంది అక్కడే "ఆలోచించి చెప్తాం అన్నా" అంటారు.

మిగతా సగంమంది రెండో ప్రశ్న అడుగుతారు. పాత ఇళ్ళకి ఇది పనిచెయ్యదంట కదా?

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ బాగా పాకింది. ఇక్కడి ప్రభుత్వమే ఒక ట్రయల్ కింద 742 ఇళ్ళలో హీట్ పంపులు పెట్టించి చూసింది, విక్టోరియా రాణి కాలంనాటి ఇళ్ళు కూడా అందులో ఉన్నాయి. ఫలానా కాలంలో కట్టిన ఇంటికి, ఫలానా రకం ఇంటికి కుదరదు అని చెప్పడానికి ఏమీ దొరకలేదు. నా అనుభవమూ అదే. ఇల్లు పాతదవడం వల్ల చెడిన పని నేను చూడలేదు. లెక్క వేయకుండా, ఫోన్లో "మూడు బెడ్‌రూములా? అయితే ఎనిమిది కిలోవాట్లు" అని చెప్పేసి బిగించిన చోట చెడటం చాలాసార్లు చూశాను.

ఆ లెక్క పెద్ద బ్రహ్మవిద్య కాదు. సందు లేని తొమ్మిదంగుళాల గోడ, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే, చదరపు మీటరుకి సుమారు రెండు వాట్ల వేడి వదిలేస్తుంది. హాల్లో 21 డిగ్రీలు, బయట మైనస్ 3 అనుకోండి. 24 డిగ్రీల తేడా, అంటే మీటరుకి 48 వాట్లు. కిటికీ పోగా ముందుగోడ ఎనిమిది చదరపు మీటర్లు ఉంటే 384 వాట్లు ఆ ఒక్క గోడలోంచే పోతాయి. ఇలాగే కిటికీకి, నేలకి, పైకప్పుకి, తలుపు సందుల్లోంచి దూరే గాలికి వేయాలి. ఒక్కో గదికి విడివిడిగా వేయాలి. పడగ్గదికి 18 డిగ్రీలు చాలు, స్నానాల గదికి 22 పెడతాం.

వరస మధ్యలో ఉన్న టెర్రస్ ఇంటికి ఒక అదృష్టం ఉంది. అటూ ఇటూ పక్కిళ్ళు వెచ్చగా ఉంటాయి కాబట్టి రెండు పొడుగాటి గోడల్లోంచి పోయేది దాదాపు ఏమీ ఉండదు. మొత్తం ఇంటికి ఐదారు కిలోవాట్లు చాలిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అదే ఇంట్లో గోడకి, ట్యాంకు లేకుండానే నీళ్ళు కాచే 24 కిలోవాట్ల కాంబి బాయిలర్ వేలాడుతుంటుంది! అంత సామర్థ్యం షవర్‌లో అప్పటికప్పుడు వేడినీళ్ళు రావడం కోసమే, ఇంటికి అక్కర్లేదు.

లెస్టర్ టెర్రస్‌లలో ఒక తిరకాసు కూడా ఉంది. రోడ్డు మీంచి పెరట్లోకి వెళ్ళడానికి రెండిళ్ళ మధ్య ఇరుకు దారి ఉంటుంది, ఎంట్రీ అంటారు. దాని మీద ఎవరిదో ఒకరి పడగ్గది ఉంటుంది. ఆ గది నేల కింద ఎప్పుడూ చలిగాలి ఆడుతుంటుంది. "ఈ గది మాత్రం ఎంత హీటింగ్ పెట్టినా వెచ్చబడదండీ" అని చెప్పే ఇల్లు దొరికితే కిందకి దిగి చూడండి, ఎంట్రీయే ఉంటుంది. చెక్కల మధ్య ఇన్సులేషన్ కూరితే చాలా తేడా వస్తుంది. ఇంకొకటి, చలి వస్తోందని గోడ అడుగున ఉండే ఎయిర్ బ్రిక్‌లకి, అంటే గాలి ఆడే చిల్లుల ఇటుకలకి, సిమెంటు పూసేస్తుంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. కింద చెక్క దూలాలకి గాలి ఆడక చెమ్మపట్టి పుచ్చిపోతాయి.

లెక్క తేలాక రేడియేటర్ల సంగతి. 70 డిగ్రీల నీళ్ళతో ఒక రేడియేటర్ ఇచ్చే వేడిలో, 45 డిగ్రీల నీళ్ళతో సగం కూడా రాదు. హీట్ పంప్‌కి 45, వీలైతే ఇంకా తక్కువ ఉండాలి. నీళ్ళు ఎంత వేడిగా కావాలంటే కంప్రెసర్ అంత కరెంటు తింటుంది. అందుకే కొన్ని గదుల్లో రెండు పలకల పెద్ద రేడియేటర్లు మారుస్తాం. అన్నీ మార్చాలని ఎవరైనా కళ్ళు మూసుకుని రాసిస్తే ఎందుకని అడగండి.

డబ్బుల లెక్క కూడా ఇక్కడే ఉంది. 2025 చివర్లో కరెంటు యూనిట్ సుమారు 26 పెన్నీలు, గ్యాస్ 6 పెన్నీల పైన. పాత బాయిలర్‌లో పోయే నష్టం కలుపుకుంటే, ఒక యూనిట్ కరెంటుకి మూడున్నర యూనిట్ల వేడి వస్తేనే రెండు బిల్లులూ సమానం. చక్కగా డిజైన్ చేస్తే అంత వస్తుంది. 55 డిగ్రీల నీళ్ళతో నడిపితే రాదు. అప్పుడు మళ్ళీ "హీట్ పంప్ దండగ" అన్న పేరు.

పరికరం కంటే ఎక్కువ చర్చ ట్యాంకు మీద జరుగుతుంది. కాంబి బాయిలర్ పెట్టినప్పుడు వేడినీళ్ళ సిలిండర్ పీకేసి, ఆ అల్మరా ఖాళీ చేసి ఉంటారు. ఇప్పుడు మళ్ళీ 200 లీటర్ల సిలిండర్‌కి చోటు కావాలి. ఒంగోలు వైపు కుటుంబం ఒకరి ఇంట్లో ఆ అల్మరాలో పూజా మందిరం ఉంది. గంట, కుంకుమభరిణె, వెంకటేశ్వరస్వామి పటం, కింద అరలో అగరొత్తుల డబ్బాలు. ఇండియా నుంచి వచ్చి ఉన్న అత్తగారు అన్నీ విని, "అయితే బాబూ, దేవుణ్ణి ఎక్కడికి పంపుతావు?" అన్నారు. అటక మీద పెడదామంటే నీళ్ళతో కలిపి పావు టన్ను బరువు, ఆ దూలాలు ఆగవు. మెట్ల కింద ఎత్తు చాలదు. చివరికి హాల్లో ఎలాగూ తీసేస్తున్న పాత గ్యాస్ ఫైర్, అంటే గ్యాస్‌తో మండే చలిమంట పొయ్యి, కలిసొచ్చింది. పొగగొట్టాన్ని పైనా కిందా మూసి, కాస్త గాలి ఆడే జాలీ వదిలితే, గదిలోంచి పైకి పోయే వేడి ఆగింది, మంచి గూడూ మిగిలింది. స్వామి అక్కడికి వచ్చారు. తూర్పు ముఖం కూడా కుదిరిందని అత్తగారు నాకు పులిహోర కట్టించారు.

వాళ్ళే గ్యాస్ స్టవ్ మాత్రం వదిలేది లేదన్నారు. దోసె పెనం ఇండక్షన్ మీద సరిగా కాలదట. గ్రాంట్‌కి దాంతో ఇబ్బంది లేదు, స్టవ్ ఉంచుకోవచ్చు. కానీ వాడినా వాడకపోయినా కట్టాల్సిన గ్యాస్ స్టాండింగ్ చార్జీ, రోజుకి సుమారు 30 పెన్నీలు, నడుస్తూనే ఉంటుంది. ఏడాదికి వంద పౌండ్లు దాటుతుంది. దోసె కోసం వంద పౌండ్లు ఎక్కువా తక్కువా అన్నది నేను చెప్పలేను.

పెరడు విషయానికొస్తే, ఇప్పుడొచ్చే పంపుల్లో చాలావాటిలో ఆర్290 వాడుతున్నారు, అంటే ప్రొపేన్. మంచి గ్యాసే, వాతావరణానికి హాని బాగా తక్కువ. కానీ మండే గుణం ఉంది, గాలికంటే బరువు. లీకైతే కిందకి జారి తూముల్లోకి, నేల కింది సందుల్లోకి చేరుతుంది. అందుకని యంత్రం చుట్టూ కంపెనీ చెప్పిన దూరంలో తలుపు, కిటికీ, డ్రెయిన్, ఎయిర్ బ్రిక్ ఉండకూడదు. టెర్రస్ ఇంటి పెరడు చూశారుగా, వంటింటి తలుపు, సింకు నీళ్ళ తూము, ఎయిర్ బ్రిక్ మూడూ రెండు మీటర్లలోనే ఉంటాయి! ఇంతకుముందు పక్కింటి హద్దుకి ఒక మీటరు దూరం కూడా ఉండాలనేవాళ్ళు. ఇంగ్లండ్‌లో 2025 మేలో ఆ నిబంధన ఎత్తేశారు కాబట్టి కాస్త ఊపిరి ఆడుతోంది. పక్కవాళ్ళ కిటికీ దగ్గర శబ్దం ఎంతో లెక్క కట్టి చూపించడం మాత్రం తప్పదు.

కరెంటు వైపు పాత వీధుల్లో ఇంకో సమస్య, లూప్. రోడ్డు కింది కేబుల్ నుంచి ఒక ఇంటికి వచ్చి, అక్కడినుంచి పక్కింటికి వెళ్తుంది. రెండిళ్ళకీ ఒకటే సరఫరా. పాత రోజుల్లో లైట్లకి సరిపోయింది. ఇప్పుడు నెట్‌వర్క్ కంపెనీ వచ్చి విడదీయాలి. పక్కింటివాళ్ళ ముందువాకిలి తవ్వాల్సి వస్తే వాళ్ళని ఒప్పించాలి. వారాల మీద వారాలు గడుస్తాయి.

ఇక సోలార్. మా బావగారు నరసరావుపేటలో పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లు పెట్టించుకున్నారు, 78,000 రూపాయల సబ్సిడీ. "మీకసలు ఎండే ఉండదు కదా, ప్యానెళ్ళు దేనికి?" అని నన్ను ఆటపట్టిస్తారు. ఎండ మరీ లేకపోలేదు. దక్షిణం వైపు కప్పు మీద నాలుగు కిలోవాట్లు పెడితే ఇక్కడ ఏడాదికి 3,500 యూనిట్ల దాకా వస్తాయి. అసలు ఇబ్బంది వేళ కుదరకపోవడం. బావగారికి ఏసీ బాగా తిరిగే మే నెలలోనే ఎండా మండుతుంది. మాకు వేడి కావాల్సింది డిసెంబర్‌లో. ఆ నెల మొత్తానికి నాలుగు కిలోవాట్ల ప్యానెళ్ళు ఇచ్చేది వంద యూనిట్ల చుట్టుపక్కలే. హీట్ పంప్ రోజుకి ఇరవై దాకా తీసుకుంటుంది. నెల కరెంటు ఐదు రోజుల హీటింగ్‌కి సరి! ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా మాత్రం స్నానాల నీళ్ళు దాదాపు ఉచితమే, సిలిండర్‌ని మధ్యాహ్నం వేడెక్కేలా పెట్టుకుంటే సరి. మిగిలింది గ్రిడ్‌కి అమ్ముకోవచ్చు. 2020 నుంచి దానికి వేరే పథకం ఉంది. రెండూ కలిపి పెట్టించుకుంటే కరెంటు బిల్లే ఉండదని ఎవరైనా తలుపు తట్టి చెబితే, జనవరి లెక్క చూపించమనండి.

బాయిలర్ స్కీమ్‌లో సోలార్‌కి డబ్బు రాదు. ఇంగ్లండ్‌లో ఇంటి ఆదాయం ఏడాదికి 36,000 పౌండ్ల లోపు ఉండి, ఇంటి ఎనర్జీ రేటింగ్ డి లేదా ఇంకా కింద ఉంటే, కౌన్సిల్ ద్వారా వార్మ్ హోమ్స్ లోకల్ గ్రాంట్‌లో రావచ్చు. ఉచితం కదా అని ఎవరు వచ్చి ఏం చేసినా చేయనిచ్చేవాళ్ళకి ఒక హెచ్చరిక. గోడలకి బయటినుంచి ఇన్సులేషన్ అతికించే ప్రభుత్వ పథకాల పనుల్లో 98 శాతం ఇళ్ళలో లోపాలున్నాయని నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2025 అక్టోబర్‌లో రాసింది. ఊరికే వచ్చిన పనికి చెమ్మపట్టిన గోడ మనకే మిగులుతుంది.

పెట్టాక ఎలా నడపాలో చెప్పడం నా పనిలో కష్టమైన భాగం. పొద్దున గంట, సాయంత్రం రెండు గంటలు హీటింగ్ వేసి ఆపేయడం మనవాళ్ళకి ఒంటబట్టిన అలవాటు. దీన్ని అలా నడపకూడదు. సన్న సెగ మీద పాలు కాచినట్టు రోజంతా మెల్లగా నడవాలి. బయటి చలిని బట్టి నీళ్ళ వేడి తనే మార్చుకుంటుంది. "రేడియేటర్ ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, పాడైందా?" అని మొదటి చలికాలం అందరూ అడుగుతారు. గదిలో 21 ఉందా లేదా చూడండి, రేడియేటర్‌ని ముట్టుకోకండి అంటాను. అలవాటు పడటానికి ఒక చలికాలం పడుతుంది.

మీ బాయిలర్‌కి పదిహేనేళ్ళు వచ్చి ఉంటే వేసవిలోనే ఎవరినైనా సర్వేకి పిలవండి. గదుల వారీ లెక్క కాగితం మీద తీసుకోండి, లూప్ ఉందేమో అడగండి, ట్యాంకు చోటు తేల్చుకోండి. జనవరిలో బాయిలర్ చచ్చిపోయి, ఇంట్లో పసిపిల్ల దగ్గుతుంటే, కేబుల్ విడదీసేదాకా ఎవరూ ఆగరు. మర్నాటికల్లా గోడకి కొత్త గ్యాస్ బాయిలర్ ఎక్కుతుంది, ఇంకో పదేళ్ళు దిగదు.