27 మంది, మూడు టేబుళ్లు, నాలుగు గంటలు: చిన్న పోకర్ టోర్నమెంట్ లెక్కలు

బెంగళూరులో మారతహళ్లి, బెల్లందూరు వైపు ఏదైనా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం పోకర్ టోర్నమెంట్ పెడితే ఒక టేబుల్‌కు సరిపడా మనవాళ్లే ఉంటారు. ఎక్కువమంది రమ్మీ నుంచో మూడుముక్కలాట నుంచో వచ్చినవాళ్లు. మంచి ముక్కలు పడేదాకా ఓపిగ్గా కూర్చోవడం వాళ్లకు అలవాటు. చిన్న టోర్నమెంట్‌లో ఆ ఓపికే ముంచుతుంది.

లెక్క చూడండి. తొమ్మిది మంది టేబుల్‌లో ఆటగాళ్లే వంతులవారీగా పంచుకుంటే గంటకు సుమారు 20 ఆటలు పడతాయి. నాలుగు గంటలకు 80. తలా రెండు ముక్కలు పంచే ఈ ఆటలో చేతికి ఏదో ఒక జోడీ రావడం 17 ఆటలకు ఒకసారి. ఆసుల జోడీ అయితే 221కి ఒకసారి. ఆసులు, రాజులు, రాణులు మూడూ కలుపుకున్నా 74కి ఒకసారి. అంటే మొదటి నుంచి చివరిదాకా కూర్చున్నా పెద్ద జోడీ ఒక్కసారి వస్తే వచ్చినట్టు. 15 నిమిషాల లెవెల్‌లో (తప్పనిసరి పందేలు పెరిగేదాకా ఉండే గడువులో) పడేవి ఐదు ఆటలే, పంచే వంతు ఎవరిదో చూపే బటన్ ఒక చుట్టు కూడా తిరగదు. అందుకే పెట్టేవాళ్లు ఆటల సంఖ్య పెంచడం మీద, ఆడేవాళ్లు దొరికిన కొద్ది ఆటలతో నెట్టుకురావడం మీద దృష్టి పెట్టాలి.

ముందు సామాను. 27 మందికి తలా 10,000 విలువైన చిప్స్ (పందెం బిళ్లలు) ఇవ్వాలంటే 25వి ఎనిమిది, 100వి ఎనిమిది, 500వి నాలుగు, 1,000వి ఏడు. తలకు 27 చిప్పులు, మొత్తం 729. ఒక 500 చిప్పుల పెట్టె చాలదు, రెండు కావాలి. వీటికితోడు చిన్న చిప్పులు మార్చడానికి 5,000వి ఓ ఇరవై ఐదు పక్కన ఉంచుకోవాలి. పేకలు టేబుల్‌కు రెండు, వెనక రంగులు వేరువేరుగా. ఒకరు పంచుతుండగా పక్కవాళ్లు రెండోది కలిపి సిద్ధంగా ఉంచితే గంటకు మూడు నాలుగు ఆటలు ఎక్కువ పడతాయి. టోర్నమెంట్ వేగాన్ని ఇంతగా మార్చేది ఇంకొకటి లేదు. పూర్తి ప్లాస్టిక్ ముక్కలే తీసుకోండి. కాగితం ముక్కలు గంటలో మూలలు వంగి గుర్తుపట్టేలా అయిపోతాయి. జోకర్లు తీశారో లేదో చూసుకోండి, రమ్మీ పేక అయితే తప్పకుండా. టేబుల్ మీద దళసరి గుడ్డ పరవకపోతే ముక్క ఎత్తేటప్పుడు పక్కవాళ్లకు కనపడుతుంది.

బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు కట్టాల్సిన చిన్న, పెద్ద పందేలు (స్మాల్, బిగ్ బ్లైండ్), 25/50తో మొదలుపెట్టి 50/100, 75/150, 100/200, 150/300. ఇక్కడ పది నిమిషాలు విరామం, కొత్త ఎంట్రీలు బంద్, 25 చిప్పులు టేబుల్ మీంచి తీసేయాలి. తర్వాత 200/400, 300/600, 400/800. ఇక్కడినుంచి 100లు అక్కర్లేదు, ఇంకో విరామం. ఆపైన 500/1,000, 1,000/1,500, 1,000/2,000, 1,500/3,000 అయ్యాక 500లు తీసేసి 2,000/4,000, 3,000/6,000, 4,000/8,000, 5,000/10,000. ఆరో లెవెల్ నుంచి యాంటీ (బ్లైండ్లకు అదనంగా ముందే కట్టే పందెం) కూడా, బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాళ్లే టేబుల్ మొత్తానికి ఒక బిగ్ బ్లైండ్ కడతారు. మొత్తం చిప్స్ బిగ్ బ్లైండ్‌కు 20, 30 రెట్లకు దిగాక ఆట ఇక సాగదు. 2,70,000 చిప్స్‌కు ఆ స్థితి 10,000 బ్లైండ్ దగ్గర వస్తుంది. పదహారు లెవెళ్లంటే నాలుగు గంటలు. రెండింటికి మొదలుపెడితే ఆరున్నరలోపు తేలిపోతుంది. 20 నిమిషాల లెవెల్ పెడితే ఆట ఇంకా బాగుంటుంది, కానీ హాలు ఇచ్చిన సమయం దాటుతుంది.

25లు తీసేటప్పుడే ఎక్కువ గొడవ. ముందు నాలుగేసి 25లకు ఒక 100 ఇచ్చేయాలి. మిగిలినవి ఒకటో సీటులో మూడు, నాలుగులో రెండు, ఏడులో మూడు అనుకోండి. మొత్తం ఎనిమిది, అంటే రెండు 100లు. ఒకటో సీటు నుంచి మొదలుపెట్టి చిప్పుకొక ముక్క చొప్పున బోర్లించకుండా పంచాలి. పెద్ద ముక్క ఉన్న ఇద్దరికి చెరొక 100, ఒక్కరికే రెండూ ఇవ్వకూడదు. ముక్కలు సమానమైతే ఇస్పేట్, ఆటీన్, డైమండ్, కళావర్ వరుస. ఈ మార్పిడి వల్ల ఎవరూ ఆటలోంచి వెళ్లిపోకూడదు, చివరి 25 మిగిలినవాళ్లు ముక్కల్లో ఓడినా ఒక 100 ఇవ్వాలి. రంగుల వరుస పనికొచ్చేది ఇలాంటి చోట్లే. పాట్ (మధ్యలో చేరిన పందెం సొమ్ము) పంచేటప్పుడు నాలుగు రంగులూ సమానం.

మూడుముక్కలాట వాళ్లు పదేపదే తడబడేది ఒకచోట ఉంది. అక్కడ కలర్ (ముక్కలన్నీ ఒకే రంగు) కంటే సీక్వెన్స్ పెద్దది. పోకర్‌లో తారుమారు. కారణం ముక్కల సంఖ్యలోనే ఉంది. మూడు ముక్కల్లో సీక్వెన్స్ 720 రకాలుగా, కలర్ 1,096 రకాలుగా పడుతుంది. ఐదు ముక్కల్లో కలర్ 5,108, సీక్వెన్స్ 10,200. అరుదైనదే పెద్దది. ఆసు, రెండు, మూడు, నాలుగు, ఐదు కూడా ఇక్కడ అన్నిటికంటే చిన్న సీక్వెన్స్.

పందెం మాట దగ్గర ఇంకో తంటా. "నీ 600 పడ్డాయి, దానిమీద ఇంకో 1,000" అంటే అది కాల్ (ఎదుటి పందేనికి సరిపడా కట్టడం) మాత్రమే, రెండో సగం చెల్లదు. పందెం పెంచాలంటే ముందే "రెయిజ్" అనాలి. 100/200లో ఏమీ అనకుండా ఒక్క 1,000 చిప్పు వేసినా 200 కాల్ కిందే లెక్క. బ్లైండ్ 200 ఉండగా ఒకరు 600 చేస్తే పెంచింది 400, కాబట్టి తర్వాతివాళ్లు కనీసం 1,000 చేయాలి. ఆట నడుస్తుండగా ఇద్దరు తెలుగులో మాట్లాడుకోవద్దు. విషయం క్రికెట్టే అయినా కన్నడవాళ్లకూ హిందీవాళ్లకూ అది కుమ్మక్కులా కనిపిస్తుంది, వాళ్ల అనుమానం న్యాయమే.

ముగ్గురు ఆల్‌ఇన్ అయితే, అంటే ఉన్న చిప్స్ అన్నీ పందెం పెడితే, లెక్క చిన్న స్టాక్‌తో (తక్కువ చిప్స్ ఉన్నవాళ్లతో) మొదలవ్వాలి. 1,500, 4,000, 9,000 ఉన్నాయనుకోండి. ముగ్గురి దగ్గరా 1,500 చొప్పున 4,500 మెయిన్ పాట్. మిగతా ఇద్దరి దగ్గరా 2,500 చొప్పున 5,000 సైడ్ పాట్. 9,000 వాళ్లకు 5,000 వెంటనే వెనక్కి. ముక్కలు తిప్పకముందే రెండు కుప్పలూ విడగొట్టాలి. ముందు సైడ్ పాట్ తేల్చి, ఆ తర్వాత మెయిన్ పాట్. చిప్స్ అన్నీ ఒకే గుట్టగా కలిపేసి తర్వాత విడదీద్దామనుకుంటే ఎవరి లెక్క వాళ్లు చెబుతారు.

ఇక ఆడేవాళ్ల సంగతి. 400/800లో యాంటీతో కలిపి ప్రతి ఆటకూ మధ్యలో 2,000 పడి ఉంటాయి. మీ దగ్గర 8,000 ఉంటే అది పది బిగ్ బ్లైండ్లు. ఇక్కడ 2,000 రెయిజ్ చేసి తర్వాత వదిలేయడం స్టాక్‌లో పావువంతు పారేసుకోవడమే. ఆల్‌ఇన్ లేదా ఫోల్డ్ (ఆ ఆట వదిలేయడం), మధ్యేమార్గం లేదు. మీదాకా అందరూ వదిలేసి మీరు బటన్ మీద ఉంటే ఏ జోడీ అయినా, ఏ ఆసు అయినా, రెండు బొమ్మ ముక్కలైనా ఆల్‌ఇన్ పెట్టొచ్చు. బ్లైండ్లు వదిలేస్తే ఒక్క దెబ్బకు స్టాక్ పావువంతు పెరుగుతుంది. ఎదుటివాళ్ల ఆల్‌ఇన్‌ను కాల్ చేయడానికి మాత్రం ఇంతకంటే గట్టి ముక్కలు కావాలి. అక్కడ వాళ్లను భయపెట్టి గెలిచే అవకాశం లేదు, ముక్కలు చూపించే గెలవాలి.

బహుమతులు నలుగురికి చాలు: 40, 28, 19, 13 శాతం. నిర్వాహకులు అందులోంచి పైసా తీయకూడదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అంటూనే, నడిపేవాళ్లు ఆటమీద లాభం తీసుకుంటే నేరం కావచ్చని చెప్పింది. ఇదే టోర్నమెంట్ పండక్కి ఊళ్లో పెడదామనుకోవద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద చట్టాలు బిగించాయి. గెలిచిన సొమ్ముకు 30 శాతం పన్ను, ఓడిన ఎంట్రీలు అందులోంచి తీసేయడానికి వీల్లేదు.

ఐదుగురు మిగిలినప్పుడు (ఇంకొకరు పోతే మిగతా నలుగురికీ బహుమతే) గడియారం చూస్తూ తాత్సారం చేసేవాళ్లుంటే ఒక్కో వంతుకు సమయం పెట్టండి. ఇద్దరు మిగిలాక బటన్ ఉన్నవాళ్లే స్మాల్ బ్లైండ్ కట్టి, ఫ్లాప్‌కు (మధ్యలో తిప్పే మొదటి మూడు ముక్కలకు) ముందు మొదట ఆడతారు, ఫ్లాప్ తర్వాత చివర ఆడతారు. ముగ్గురి నుంచి ఇద్దరికి దిగే ఆటలో ఒకరే వరసగా రెండుసార్లు బిగ్ బ్లైండ్ కట్టకుండా బటన్ సర్దాలి. అప్పటికి బిగ్ బ్లైండ్ వేలల్లో ఉంటుంది.