ఇస్తాంబుల్‌లో కాఫీ తాగాలంటే ముందు ఓనరెవరో చూడాలి

2025 ఏప్రిల్ 2, బుధవారం. కాడికోయ్ రేవులో ఫెర్రీ దిగి పైకి వెళ్లే సందుల్లో షట్టర్లు దించిన కాఫీ కొట్లు చాలానే కనిపించాయి. రంజాన్ పండగ ముందురోజుతో అయిపోయింది, ప్రభుత్వోద్యోగులకు మాత్రం ఆ వారమంతా సెలవే. అందుకే మూసుకున్నారేమో అనుకున్నాను. తలుపులకు అంటించిన కాగితాల్లో ఉన్నది వేరే సంగతి. ఆ ఒక్కరోజు ఏమీ కొనొద్దు, ఏమీ అమ్మొద్దు. పచారీ సరుకులు, పెట్రోలు, హోటల్ తిండి, ఆన్‌లైన్ ఆర్డరు, ఏదీ వద్దు. ఈ పిలుపు విద్యార్థుల దగ్గర పుట్టింది. ప్రధాన ప్రతిపక్షం సీహెచ్‌పీ నాయకుడు ఓజ్గుర్ ఓజెల్ దానికి మద్దతు ప్రకటించాడు.

దీని వెనక కథ తెలిసిందే. సీహెచ్‌పీకి చెందిన ఇస్తాంబుల్ మేయర్ ఇమామొగ్లు డిగ్రీని మార్చి 18న ఇస్తాంబుల్ యూనివర్సిటీ రద్దు చేసింది. అక్కడ డిగ్రీ లేనివాళ్లు అధ్యక్ష పదవికి పోటీ చేయలేరు. మర్నాడు తెల్లవారకముందే పోలీసులు ఇంటికొచ్చారు. 23న సీహెచ్‌పీ ఆయన్ని అధ్యక్ష అభ్యర్థిగా ఎన్నుకునే ఓటింగు పెట్టుకుంటే, అదే రోజు కోర్టు సిలివ్రి జైలుకు పంపింది. సరాచానెలో మున్సిపల్ ఆఫీసు ముందు రోజూ రాత్రి జనం పోగయ్యేవారు. 26న కౌన్సిల్ తాత్కాలిక మేయర్‌ను ఎన్నుకోవడంతో, రాజధాని అంకారాలోని కేంద్ర ప్రభుత్వం ఎవరో అధికారిని మేయర్ కుర్చీలో దింపుతుందన్న భయం అప్పటికి తీరింది. సభలూ అక్కడి నుంచి మారిపోయాయి.

మెట్రో విషయంలో ఒక విడ్డూరం ఉంది. రైళ్లు నడిపేది మేయర్ చేతి కింది సంస్థ. స్టేషన్లు మూయమనేది మాత్రం అంకారా నియమించిన గవర్నర్. అందుకే నిరసనల రోజుల్లో తక్సిమ్, షిష్‌హానె స్టేషన్లలో రైళ్లు ఆగకుండా పోయేవి. ఆ స్టేషన్లున్న ఎం2 మెట్రో లైన్ నమ్ముకుని హోటల్ తీసుకునేవాళ్లు కాలినడకన ఇంకో స్టేషన్ చేరే దారి కూడా చూసిపెట్టుకోవాలి. రోడ్డు మీద ఎంత రభస ఉన్నా ఎమినోను, కాడికోయ్ మధ్య నీళ్ల మీద దారే నయం.

అసలు ఆశ్చర్యం పుస్తకాల షాపు. ఆ ఒక్కరోజు పిలుపు కాక, ఓజెల్ చదివిన కంపెనీల బాయ్‌కాట్ జాబితా ఒకటుంది. అందులో ఎస్ప్రెసోలాబ్ కాఫీ షాపులున్నాయంటే సరే, ప్రభుత్వానికి దగ్గరివాళ్లవన్న పేరుంది. దేశమంతా శాఖలున్న డి అండ్ ఆర్ పుస్తకాల షాపులు ఏం పాపం చేశాయి? ఓనరును చూస్తే తెలుస్తుంది. అవి సబా పత్రిక, ఏటీవీ, ఏ హబెర్ ఛానెళ్లు నడిపే తుర్కువాజ్ గ్రూపు చేతిలో ఉన్నాయి. జాతీయ లాటరీ ఎందుకంటే, హుర్రియెత్ పత్రిక, సీఎన్ఎన్ తుర్క్ ఛానెల్ ఉన్న దెమిరోరెన్ గ్రూపుకు అందులో చెయ్యుంది. ఈటీఎస్ టూర్ పర్యాటక మంత్రి స్థాపించిన కంపెనీ. ఎన్టీవీ (మనది కాదు, అక్కడి ఛానెల్) ఉన్న దోవుష్ గ్రూపే ఫోక్స్‌వ్యాగన్ కార్లు తెచ్చి అమ్ముతుంది. అంటే కొట్టు మీద కోపం కాదు, టీవీ మీద కోపం. లక్షల మంది రోడ్డెక్కితే చూపించని ఛానెల్‌కు ప్రకటనలు తగ్గించడం మామూలు జనం వల్ల కాదు. ఆ ఓనరుకే ఉన్న ఇంకో గల్లాపెట్టె మాత్రం వాళ్ల చేతికందేంత దూరంలో ఉంది.

ఈ కోపం పాతది. 2013లో ఇస్తాంబుల్ గెజి పార్కులో ప్రభుత్వ వ్యతిరేక నిరసనలు జరుగుతుంటే, వాటిని చూపించకుండా సీఎన్ఎన్ తుర్క్ పెంగ్విన్ల డాక్యుమెంటరీ వేసింది. అప్పుడు దాని ఓనరు దొవాన్ గ్రూపు. 2018లో ఆ గ్రూపు పత్రికలూ ఛానెళ్లూ దెమిరోరెన్‌కు చేరాయి.

ఒకరోజు కొనుగోళ్లు ఆపితే నిజంగా దెబ్బ తగులుతుందా? నాకు నమ్మకం కలగలేదు. మంగళవారం కొన్నా, గురువారం కొన్నా సరుకు అదే. పైగా పండగ సెలవులకు సగం నగరం ఊళ్లకెళ్లింది. ఖాళీ బజారు ఫొటోల్లో బాయ్‌కాట్ ఎంత, సెలవు ఎంత అన్నది ఎవరూ విడదీయలేరు. అధ్యక్షుడు ఎర్దోవాన్ అభిమానులేమో నిండిన బుట్టలతో ఫొటోలు పెట్టారు. ఎన్నాళ్లైనా సాగే పేర్ల జాబితాకే పదునెక్కువ. కాకపోతే దానికీ చిక్కుంది. శాఖ తీసుకున్న చిన్న వ్యాపారికీ, కప్పులు కడిగే కుర్రాడికీ దెబ్బ ముందు తగులుతుంది, టీవీ ఓనరుకు ఆఖర్న.

ప్రభుత్వం మాత్రం తేలిగ్గా తీసుకోలేదు. బాయ్‌కాట్‌కు పిలుపిచ్చినవాళ్ల మీద ఇస్తాంబుల్ ప్రాసిక్యూటర్ దర్యాప్తు తెరిచాడు, ద్వేషం రెచ్చగొట్టారన్న సెక్షన్లతో. పోస్టులు పెట్టినందుకు కొందర్ని పట్టుకెళ్లారు, వాళ్లలో ఒక నటుడూ ఉన్నాడు. నష్టపోయిన వ్యాపారులు పరిహారానికి దావా వేయొచ్చని వాణిజ్య మంత్రి అన్నాడు. బీబీసీ విలేఖరిని మార్చి 27న దేశం నుంచి పంపేశారు. కాబట్టి టూరిస్టులు పోలీసు బారికేడ్ల దగ్గర వీడియోలు తీయకపోవడం, అక్కడున్నప్పుడు ఆ పోస్టులు షేర్ చేయకపోవడం మంచిది. కాఫీ ఎక్కడ తాగుతారన్నది ఎవరూ అడగరు.

రాత్రి ఎనిమిదిన్నరకు కిటికీల్లోంచి గిన్నెల మోత. అదీ సీహెచ్‌పీ పిలుపే. 2023 సెప్టెంబర్ 30న చంద్రబాబు అరెస్టుకు నిరసనగా టీడీపీ పెట్టిన 'మోత మోగిద్దాం' గుర్తొచ్చింది. మనది ఏడింటి నుంచి అయిదు నిమిషాలు, ఒక్కరోజు. ఇక్కడివాళ్లు రోజూ చేయాలనుకున్నారు. రోజూ అంటే మూడోనాటికే గరిటెలు పలచబడతాయన్నది నా అనుమానం.

ధరల సంగతి చెప్పకుండా ఉండలేను. అప్పట్లో లీరా మన రెండుంబావు రూపాయలు. హాగియా సోఫియా టికెట్ 25 యూరోలు, చూసేది పై అంతస్తు మాత్రమే. అధికారిక లెక్కల్లోనే ధరలు ఏడాదిలో 38 శాతం పెరిగాయి. మెనూల మీద స్టిక్కర్ పైన స్టిక్కర్. ఆ లెక్కన చాలామంది బాయ్‌కాట్ చేయకపోయినా కాఫీ మానేసే రోజులవి. మున్సిపాలిటీ నడిపే కెంత్ లొకంతాసి భోజనశాలలు దొరికితే వదలొద్దు. 2022లో ఇమామొగ్లు హయాంలో మొదలైనవి, సూపు నుంచి అన్నం దాకా చవక.

మే నెలలో బాయ్‌కాట్ మనవైపు తిరిగింది. ఆపరేషన్ సిందూర్ వేళ టర్కీ పాకిస్తాన్ పక్షాన నిలిచిందని మనవాళ్లు టికెట్లు రద్దు చేసుకున్నారు. మే 15న కేంద్రం విమానాశ్రయాల్లో పనిచేసే టర్కీ సంస్థ చెలెబికి భద్రతా అనుమతి తీసేసింది. శంషాబాద్‌లోనూ గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేసింది ఆ సంస్థే. మన జాబితాలో ఓనర్ల వివరాలు లేవు, దేశం పేరు ఒక్కటే. ఏప్రిల్ 2న షట్టరు దించిన కాడికోయ్ కొట్టువాడూ అందులోకే వస్తాడు.