కాలనీ రోడ్డు గుట్టు ఎం-బుక్‌లో ఉంటుంది

"కొత్త రోడ్డు ఒక్క వానకే ఎందుకు లేచిపోయింది?" అని సమాచార హక్కు దరఖాస్తులో రాస్తే జవాబు రాదు. ఆ చట్టం కింద ఆఫీసులో ఉన్న కాగితం ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు. అందుకే కాగితాలను పేరుపెట్టి అడగాలి: మంజూరు ఉత్తర్వు, ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం-బుక్ (మెజర్‌మెంట్ బుక్, అంటే కొలతల పుస్తకం) పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చెల్లించిన బిల్లులు.

వీటిలో ఎం-బుక్ ముఖ్యం. ఇంజనీరు పనిని కొలిచి సంతకం పెట్టేది అందులోనే, బిల్లు పాసయ్యేది దాన్ని చూసే. 100 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందం అని రాస్తే 60 ఘనపు మీటర్ల కాంక్రీటుకు డబ్బు పోతుంది. వేసింది 100 మిల్లీమీటర్లే అయితే పడింది 40. మిగతా 20కి కట్టింది మన పన్ను. పొడవు, వెడల్పు టేపు పట్టుకుంటే ఎవరికైనా తెలిసిపోతాయి. మందం అలా కాదు, పైకి కనపడదు. హైదరాబాద్ జలమండలి వాళ్లు పైపు కోసం రోడ్డు కోసిన రోజే అంచు బయటపడుతుంది. పూడ్చేలోపు స్కేలు ఆనించి ఫొటో తీయండి. సెక్షన్ 2(జె) ప్రకారం పనిని తనిఖీ చేసే హక్కు, ధ్రువీకరించిన శాంపిల్ తీసుకునే హక్కు కూడా మనకున్నాయి. వీటిని వాడేవాళ్లు ఇంత తక్కువగా ఉండటం బాధాకరం.

దరఖాస్తు మున్సిపల్ సర్కిల్ ఆఫీసులోని పౌర సమాచార అధికారి పేరిట, ఫీజు ₹10. కారణం చెప్పక్కర్లేదు. ముద్ర వేసిన రసీదు లేకుండా బయటికి రావద్దు, జవాబివ్వాల్సిన 30 రోజుల లెక్క దాన్నిబట్టే. జిరాక్సు పేజీకి ₹2. గడువు దాటితే ఉచితంగా ఇవ్వాలి. వేరే శాఖ కాగితమైతే 5 రోజుల్లో వాళ్లే అక్కడికి పంపాలి.

జవాబు రాకపోతే ఆ గడువు ముగిసిన 30 రోజుల్లో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లో తెలంగాణ రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. మొదటిది వేయకుండా రెండోదానికి వెళ్తే తిప్పి పంపుతారు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు ₹250 చొప్పున ₹25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌దే. అలాంటి కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లే లేరు. ఆ మధ్యలో ప్రభుత్వం మారినా కుర్చీలు నిండలేదు. ఏ పార్టీ వచ్చినా మనం అడగాల్సిన మొదటి లెక్క అది.

కాగితాలు చేతికి రాగానే అగ్రిమెంటులో డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. అది దాటకముందే ఫొటోలు జతచేసి ఫిర్యాదిస్తే, ఆ రోడ్డును కాంట్రాక్టరు తన ఖర్చుతోనే బాగుచేయాలి.