క్లోన్సా, కేస్‌మెంటా?

ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్‌లోని కౌంటీల మధ్య జరిగే గేలిక్ ఫుట్‌బాల్ (చేత్తోనూ కాలితోనూ ఆడే ఐరిష్ ఆట) ఫైనల్ ఎక్కడ పెట్టాలన్న వాదన ఇక్కడ ఐర్లండ్‌లో తెగేది కాదు. బెల్‌ఫాస్ట్‌లోని కేస్‌మెంట్ పార్క్ 2013 నుంచి మూతపడే ఉంది. దాదాపు 34,000 మంది పట్టేలా తిరిగి కట్టాలని ప్లాన్. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కోర్టుకెక్కారు, ఖర్చు కొండెక్కింది, యూరో 2028 (యూరప్ దేశాల సాకర్ టోర్నీ) మ్యాచ్‌లు అక్కడ జరుగుతాయన్న ఆశా 2024లో పోయింది. అందాకా ఫైనల్ మొనహన్ కౌంటీలోని క్లోన్స్‌లోనే.

2024 ఫైనల్‌కి ఆఫీసువాళ్లతో వెళ్లాను. చిన్న ఊరు. ఆ రోజు ఫెర్మానా స్ట్రీట్‌లో ఇసుక వేస్తే రాలదు. ఒకాయన చిప్స్ పొట్లాన్ని నెత్తిమీద పట్టుకుని జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చాడు. డొనెగాల్, అర్మా కౌంటీల మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్‌లోనూ తేలక పెనాల్టీలకు పోతే, ఏ జట్టూ నాది కాకపోయినా నాకు ఒకటే టెన్షన్! డొనెగాల్ గెలిచింది. తిరిగొచ్చేటప్పుడు కారు బయటికి తీయడానికి మాత్రం చుక్కలు కనిపించాయి.

కేస్‌మెంట్ ఉన్న ఆంట్రిమ్ కౌంటీకి ఇన్నేళ్లు సొంత స్టేడియం లేకపోవడం అన్యాయమే, కేస్‌మెంట్ కట్టాల్సిందే. కానీ ఫైనల్ మొత్తం అక్కడికే లాక్కుపోతే క్లోన్స్ దుకాణాలవాళ్ల గతేంటి? ఒక ఏడాది అక్కడ, ఒక ఏడాది ఇక్కడ ఆడితే ఏం పోయిందని మా బెల్‌ఫాస్ట్ కొలీగ్‌ని అడిగాను. ససేమిరా అన్నాడు.