పంతులమ్మను మూసీ దాటించడానికి నాలుగేళ్లు

మొదటి ఏడాదంతా నా నవలలోని పంతులమ్మ భయపడుతూనే ఉంది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది, మెట్ల మీద అడుగులు వినిపిస్తే దీపం తగ్గించేది. 1908. హైదరాబాదు పాతబస్తీ హుస్సేనీ ఆలంలో ఒక జాగీరుదారు దేవిడీ, అంటే పెద్ద భవంతి. అక్కడి జనానాలో పిల్లలకు ఇంగ్లిషు చెప్పడానికి రాజమండ్రి నుంచి వచ్చిన ముప్పై రెండేళ్ల వితంతువు ఆమె. ఆ జాగీరుదారు, నవాబు, చనిపోతాడు. అది మామూలు చావు కాదని ఆమెకొక్కదానికే తెలుసు. నూట ఇరవై పేజీలు రాశాక మొదటి నుంచి చదువుకుంటే, అన్ని పేజీల్లోనూ ఆమె తనంతట తాను చేసిన పని ఒక్కటీ లేదు. ఆ కాగితాలు బీరువాలో పెట్టేశాను.

ఆమెను రాజమండ్రి నుంచే ఎందుకు తెచ్చానంటే, 1881 డిసెంబరులో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు అది. పదకొండేళ్లకు భర్త పోయిన పిల్ల చదువుకుని పంతులమ్మ అయ్యిందంటే నమ్మదగిన చోటు. 1889 నుంచి బెజవాడ, సికింద్రాబాద్ మధ్య రైలుంది, 1900లో గోదావరి మీద వంతెన వచ్చింది. కాబట్టి ఆమె ప్రయాణం గురించి నాకు బెంగ లేదు. హైదరాబాదులో దిగాకే ఏం చెయ్యాలో తోచలేదు.

హత్య ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు జవాబు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో దొరికింది. జాగీరు అంటే తండ్రి నుంచి కొడుక్కి దానంతట అదే వచ్చే ఆస్తి అనుకునేదాన్ని. అలా కాదు, అప్పట్లో జాగీరుదారు పోతే జాగీరు సర్కారు చేతికి వెళ్లేది. విరాసత్ విచారణ జరిగి, వారసుడెవరో తేలాకే మళ్లీ మంజూరు. ఆ విచారణ నడిచే కాలంలో దేవిడీలో ఎవరు ఎవరికి సాక్ష్యం చెబుతారన్నదే ప్రాణం మీదికొచ్చే విషయం. నా పంతులమ్మ ఒక్కసారిగా సాక్షి అయ్యింది. ఆమె నోరు మూయించడానికి ఒక మనిషికి కారణం దొరికింది.

పాత కాగితాలు ఎక్కువగా ఉర్దూలో, పర్షియన్‌లో ఉంటాయి. మా వీధి చివర ఒక రిటైర్డు ఉర్దూ సార్ ఉన్నారు. అనుమతి తీసుకుని రాసుకున్న నకళ్లు పట్టుకుని ప్రతి ఆదివారం ఆయన ఇంటికి వెళ్లేదాన్ని. ఆయనే ఒకరోజు అడిగారు, "బేటీ, మీ ఉస్తానీకి ప్రాణభయం ఉంది గదా. రెసిడెన్సీ బజారుకు ఎందుకు పోదు?"

ఆ ఒక్క ప్రశ్నతో నవల తెరుచుకుంది. ఇప్పటి సుల్తాన్‌బజార్, కోఠి ప్రాంతం అప్పట్లో నిజాం కొత్వాలు కింద లేదు. రెసిడెన్సీ బజార్ల మీద నిజాం దగ్గరుండే బ్రిటిష్ ప్రతినిధి, రెసిడెంటుకే అధికారం. అది 1933లోగానీ నిజాంకు తిరిగి రాలేదు. అంటే ఒకే ఊళ్లో మూసీ దాటి కొంతదూరం నడిస్తే పోలీసు మారుతుంది, కోర్టు మారుతుంది. తపాలా సంగతి కూడా ఇలాంటిదే. నిజాం స్టాంపు రాజ్యం లోపలే చెల్లుతుంది, రాజమండ్రికి ఉత్తరం వెళ్లాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపు కావాలి. నౌకరు చేతికిచ్చిన ఉత్తరం దేవిడీలో ఎవరైనా విప్పి చదవొచ్చు. తానే రెసిడెన్సీ వైపు వెళ్లి వేసినది చదవలేరు. జీతం నిజాం నాణెమైన హాలీ సిక్కాలో, పుట్టింటికి పంపాల్సింది బ్రిటిష్ రూపాయల్లో, మార్చుకోవాలంటే సాహుకారు దగ్గరికి వెళ్లాలి. ఆమె బయటికి అడుగుపెట్టడానికి ఇన్ని కారణాలు ఊరే ఇచ్చింది. బీరువాలోని నూట ఇరవై పేజీల్లో తొంభై చించేశాను.

రెండో తప్పు వెన్నెల. కథ చివరికి మూసీ వరద రావాలని ముందే అనుకున్నాను. 1908 సెప్టెంబరు 28. దానికి రెండు రోజుల ముందు రాత్రి ఆమె మేడ మీంచి వెన్నెల్లో ఒక మనిషిని చూసి గుర్తుపడుతుంది. నాకు ఎంతో ఇష్టమైన సన్నివేశం. సార్ చదివి కళ్లజోడు తీశారు. "వరదప్పుడు రంజాన్ నెల అప్పుడే షురూ అయింది. చాంద్ ఎక్కడుంటది బేటీ?" ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. 25న అమావాస్య. నేను నిండు వెన్నెల రాసింది ఆ మరుసటి రాత్రికి.

ఆ సన్నివేశం పోయిందని రెండు రోజులు ఏడుపొచ్చింది. మూడో రోజున తట్టింది, భాద్రపద అమావాస్య అంటే ఎంగిలిపూల బతుకమ్మ. మూసీ పొంగింది బతుకమ్మ ఆడే రోజుల్లోనే! తెలంగాణలో పుట్టి, ఇన్నేళ్లు ఈ వరద గురించి చదువుతూ, ఈ సంగతి నాకెలా తోచలేదో.

మా నాయనమ్మకు ఇరవై ఆరేళ్లకు భర్త పోయాడు. బతుకమ్మ నాడు పొద్దున్నే వెళ్లి తంగేడు, గునుగు కోసుకొచ్చేది. గునుగుకు రంగులు అద్దేది కూడా ఆమే. పేర్చడానికి మాత్రం చెయ్యి పెట్టేది కాదు, అరుగు మీద కూర్చుని పూలు అందించేది. ఈ అధ్యాయం ఆమెను తలుచుకునే రాశాను. దేవిడీలో పనిచేసే తెలుగు ఆడవాళ్లు వెనక వాకిట్లో బతుకమ్మ పేరుస్తుంటారు. గోదావరి ఒడ్డున పెరిగిన పంతులమ్మకు ఆ పండుగ కొత్త. దూరంగా నిలబడుతుంది. ఒక ముసలి దాసి "నువ్వు సుత ఒక పువ్వు పెట్టు బిడ్డా" అంటుంది. ఆ చీకట్లో, ఆ దాసి నోటి నుంచే హంతకుడెవరో ఆమెకు తెలుస్తుంది. వెన్నెలకన్నా ఇదే బాగుంది. పంతులమ్మ పువ్వు పెడుతుందా లేదా అన్నది మాత్రం మూడుసార్లు రాశాను. ఆఖరికి పెట్టించాను.

మాటల విషయంలో చాలా కష్టపడ్డాను. పంతులమ్మది గోదావరి తెలుగు, దాసిది మన తెలంగాణ తెలుగు, బేగం దక్కనీలో మాట్లాడుతుంది. అన్నింటినీ పుస్తక భాషలోకి దిద్దితే చదవడం తేలిక అని ఒక సంపాదకుడు సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థం కావడం ఈ కథలో ప్రమాదానికి ఒక మూలం.

వరద అధ్యాయానికి నదే దారి చూపింది. అఫ్జల్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ తెగిపోయాయి. 1578లో కట్టిన పురానాపూల్ నిలిచింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు కింద చాలాసేపు నిలబడ్డాను. పంతులమ్మను కూడా ఆ చెట్టెక్కిద్దామా అనుకున్నాను, మనసొప్పలేదు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ల చోటు అది, నా కథకు వాడుకోలేకపోయాను. నీళ్లు తీశాక, నవాబు చిన్న కూతురి చెయ్యి పట్టుకుని ఆమె పురానాపూల్ మీదుగా బురదలో నడుస్తుంది, రెసిడెంటు కచేరీలో సాక్ష్యం చెప్పడానికి. ఆ నడక రాయడానికి నేనూ మూడుసార్లు వంతెన మీద, కూరగాయల అంగళ్ల మధ్య, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను.

పోయిన నెల పూర్తి ప్రతి సార్‌కు ఇచ్చాను. వారం తర్వాత తిరిగిచ్చారు. చివరి పేజీలో పెన్సిలుతో ఒకే ఒక్క ప్రశ్న: "పిల్ల కాళ్లకు చెప్పులున్నాయా?"

లేవు. ఆ రాత్రే పంతులమ్మ చేత పిల్లను ఎత్తించాను.